రోహిణి వెతికిన మాట

రోహిణికి క్రిస్టీ అంటే ఒళ్లు మంట. లోకానికి దాచిందేమో గానీ తనకు తాను దాచుకోలేదు. ఆ పేరు చెవిన పడితే చాలు, తింటున్న ముద్ద గొంతులో అడ్డం పడేది. అలాగని క్రిస్టీ రంభో ఊర్వశో అనుకునేరు. బక్కపలచటి మనిషి, నూనె రాసి బిగించిన ఒంటి జడ, మణికట్టుకు మగవాళ్ల గడియారం. రోహిణి భర్త దుర్గాప్రసాద్, వాళ్లుండే ఉత్తరాది ఉక్కు పట్నం అంచున, ఆదిత్యపూర్‌లో ఒక వర్క్‌షాపులో క్రేన్ల మరమ్మతు చూస్తాడు. క్రిస్టీ అక్కడే స్టోర్స్‌లో గుమాస్తా. పార్వతీపురం దగ్గర నుంచి కిందటేడాది వచ్చింది, భాలుబాసాలో అన్నావదినల ఇంట్లో ఉంటోంది, పెళ్లి కాలేదు, ఆదివారం ఆదివారం చర్చికి పోతుంది. అందం, చదువు, జీతం, అన్నింట్లోనూ రోహిణిదే పైచేయి. ఈ బేరీజు రోహిణి ఎప్పుడో వేసుకుంది, అదీ చాలాసార్లు. ప్రతిసారీ తనే గెలిచింది. గెలిచి ఏం లాభం, మంట మాత్రం అలాగే ఉంది.

ఆ మంట సాక్చి బజారులో అంటుకుంది. ఒక సాయంత్రం మొగుడూ పెళ్లాలిద్దరూ కూరలు కొని, ఆటోల మధ్య నుంచి దారి చేసుకుంటూ వస్తుంటే ఎండుచేపల కొట్టు దగ్గర ఎవరో "ప్రసాద్ గారూ!" అని కేకేశారు. చూస్తే ఈ క్రిస్టీ.

"ఏటి, ఇటొచ్చేరు?"

"కూరలకొచ్చేం. ఈవిడ మా ఆవిడ, రోహిణి."

"నమస్కారమండీ. మీ గురించి ఈయన తెగ సెప్తారు."

"అచ్ఛా? క్యా బోల్తే హై?" అంది రోహిణి నవ్వుతూనే. ఏం చెబుతారేమిటి అని.

క్రిస్టీ హిందీ అంతంత మాత్రం. "సబ్ అచ్ఛా హీ బోల్తే" అని, అంతా మంచే చెబుతారని గట్టెక్కి, వెంటనే దుర్గాప్రసాద్ వైపు తిరిగి చేతిలో ఉన్న ఎండు నెత్తళ్లు చూపించింది. "ఇవేటి నెత్తళ్లండీ ప్రసాద్ గారూ! మన పాలకొండ సంతలో ఇవెట్టుకుని కూకుంటే పిల్లి కూడా ముక్కు మూసుకుని పక్క కొట్టుకెలిపోద్ది."

దుర్గాప్రసాద్ పకపకా నవ్వాడు. నవ్వడమంటే మామూలు నవ్వు కాదు, మెడ వెనక్కి వాల్చి, చేతిలో కూరల సంచి ఊగిపోయేట్టు నవ్వాడు. ఆ నవ్వు రోహిణి ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఆమెకు తెలుగు రాక కాదు. ప్రతి మాటా అర్థమైంది. కాకపోతే అర్థమై, మనసులో హిందీలోకి మారి, నవ్వొచ్చేలోపు వాళ్లిద్దరూ నవ్వడం అయిపోయి రొయ్యపొట్టు దగ్గరికి వెళ్లిపోయారు. ఆలస్యంగా నవ్విన తన నవ్వు తన చెవికే నకిలీగా వినిపించింది. కొట్టువాడు ఆమె కేసి చూసి, ఏం కావాలమ్మా అన్నట్టు తల ఊపాడు.

ఇక్కడ ఒక సంగతి. రోహిణి ఈ ఊళ్లోనే, కద్మాలోనే పుట్టింది, కద్మాలోనే పెరిగింది. వాళ్ల తాత ఎప్పుడో ఉక్కు పనికి వచ్చి ఇక్కడ పాతుకుపోయాడు. ఆ ఇళ్లల్లో పెద్దవాళ్లు తెలుగులో అడుగుతారు, పిల్లలు హిందీలో జవాబిస్తారు. అడిగేవాళ్లకీ చెప్పేవాళ్లకీ అది వింతగా తోచదు. దుర్గాప్రసాద్ అలా కాదు. పాలకొండ దగ్గర నాగావళి ఒడ్డు పల్లెలో పుట్టి, మేనమామ మాట పట్టుకుని పనికోసం వచ్చినవాడు. హిందీ ఇక్కడే నేర్చుకున్నాడు, పెళ్లయ్యాక బాగా నేర్చుకున్నాడు. మొగుడూ పెళ్లాల మధ్య నడిచేది హిందీయే. నాలుగేళ్ల కూతురు హాసినికైతే తండ్రి మాతృభాష టీవీలో అప్పుడప్పుడు వచ్చే గోల.

ఆ సాయంత్రం బండి మీద తిరిగొస్తూ రోహిణి అడిగింది, ఆ అమ్మాయి మిమ్మల్ని భయ్యా అనో అన్నయ్యా అనో ఎందుకు అనదని. "పతా నహీ, ఆఫీస్ మే సబ్ నామ్ సే బోల్తే హై" అన్నాడు ఆయన. ఆఫీసులో అందరూ పేరుతోనే పిలుస్తారట. జవాబు సబబుగానే ఉంది. సబబుగా ఉండటమే రోహిణికి అనుమానమైంది.

ఆమె చేసే పని గురించి కూడా కొంచెం చెప్పాలి. సాక్చిలో బట్టల కొట్టు మేడ మీద చిన్న ఆఫీసు. చుట్టుపక్కల కార్ఖానాల్లో షిఫ్టు దిగేవాళ్లు కంప్యూటర్లో కొట్టిపడేసే ఫిర్యాదులన్నీ అక్కడికి వస్తాయి. ఒకడు 'ఏడో నంబర్ క్రేన్ బంద్' అంటాడు. ఇంకొకడు 'క్రేన్ 7 ఖరాబ్' అంటాడు. మూడోవాడు 'వహీ ప్రాబ్లెమ్ ఫిర్ సే' అని, మళ్లీ అదే గొడవని చేతులు దులుపుకుని ఇంటికి పోతాడు. ఈ కలగాపులగంలోంచి ఏ యంత్రానికి ఏ రోజు ఏ జబ్బు చేసిందో ఏరి తీయాలి. మామూలుగా వెతికితే మనం ఎలా కొడితే అలా ఉన్న మాటే దొరుకుతుంది. రోహిణి మాటను కాదు, మాట ఆకారాన్ని వెతుకుతుంది. 'క్రేన్ అని ఉండాలి, తర్వాత ఖాళీ ఉన్నా లేకపోయినా సరే, ఆపైన ఒకటో రెండో అంకెలుండాలి' అన్నదాన్ని కొన్ని గుర్తులతో ఒక్క వరుసలో రాసేస్తుంది. దాన్ని రెజెక్స్ అంటారు. ఆ ఒక్క వరుస పుటల కొద్దీ రాతల మీద వల విసిరినట్టు పడి, ఆ ఆకారంలో ఉన్నవన్నీ లాక్కొస్తుంది. ఆఫీసులో ఆ వల విసరడంలో రోహిణిని మించినవాళ్లు లేరు.

ఆ గుర్తుల్లో ఒక జంట ఉంది, చుక్కా నక్షత్రమూ. రెండూ పక్కపక్కన పెడితే 'ఏదైనా సరే, ఎంతైనా సరే' అని అర్థం. అది దొరికినదాన్నల్లా వరుస చివరిదాకా మింగేస్తుంది. పని తెలిసినవాళ్లు దాన్ని ఆశపోతు అంటారు. కొత్తగా చేరినవాళ్లు అస్తమానం దాన్నే వాడుతుంటే రోహిణి మందలించేది. సాక్చి నుంచి తిరిగొచ్చాక ఆమె బుర్రలో తిష్ఠ వేసింది సరిగ్గా ఆ ఆశపోతే. ప్రసాద్ ఫోను చూసి నవ్వితే క్రిస్టీ. నవ్వకపోతే క్రిస్టీతో పొరపొచ్చం. కొత్త చొక్కా తొడిగితే క్రిస్టీ కోసం, పాతది తొడిగితే అదే బాగుందని క్రిస్టీ అని ఉంటుంది. ఏదైనా సరే, ఎంతైనా సరే, అన్నీ అతికేవి.

అలాంటి మనిషి చేతికి దుర్గాప్రసాద్ తన ఫోను తెచ్చి ఇచ్చాడు. పాతదాని అద్దం పగిలింది, కొత్తది కొన్నాడు. "యే సబ్ తుమ్ కర్ దో నా, ముఝే నహీ ఆతా" అన్నాడు. పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి మార్చిపెట్టు, నాకు రాదని. ఇచ్చి, పాపను తీసుకుని జూబ్లీ పార్కుకు వెళ్లిపోయాడు. దాచుకునేది ఉన్నవాడు అలా ఇచ్చి పోతాడా? ఈ ప్రశ్న రోహిణికీ వచ్చింది. వచ్చినా, ఆమె వేళ్లు అప్పటికే క్రిస్టీ పేరు మీద ఉన్నాయి. ఆ సంభాషణ మొత్తాన్ని ఒక ఫైలుగా తన కంప్యూటర్లోకి పంపించుకుంది.

చదవకూడదు అనుకుంది. మొగుడి మెసేజులు దొంగచాటుగా చదివే రకం కాదు తను. చదవదు, వెతుకుతుంది అంతే. ఈ రెండింటికీ ఉన్న తేడా ఏమిటో ఆమెను అడగకండి, ఆ పూట ఆమెకు ఆ తేడా చాలా పెద్దదిగా కనిపించింది.

మొదట ముద్దు మాటల మీద వల వేసింది. మెసేజులన్నీ తెలుగే, కాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవి. అందుకని ఏ మాట ఎన్ని రకాలుగా కొట్టినా చిక్కేట్టు రాసింది. బంగారం, కన్నా, ప్రాణం, జాన్. చిక్కింది ఒకే ఒక్క బంగారం. కుర్చీ ముందుకు లాక్కుంది. తీరా చూస్తే 'ఈ రోజు బంగారం రేటు సూసేరేటండీ, వదిన అడుగుతంది' అని క్రిస్టీ.

తర్వాత టైము మీద వేసింది. రాత్రి తొమ్మిది దాటాక వచ్చినవన్నీ రమ్మంది. వచ్చాయి. గ్రీజు డబ్బాలు అయిపోయాయట, రేపు ఇండెంటు పెట్టాలట.

తర్వాత తన పేరు మీద వేసింది. ఎక్కడా లేదు. 'ఇంట్లో వాళ్లు' అని మాత్రం ఉంది. 'ఇంట్లో వాళ్లు పిలుస్తన్నారు, ఉంటాను.' తన పేరు అక్కడ లేనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అన్నయ్య అన్న మాట మీద కూడా వేసింది. అది సున్నా అని ముందే తెలుసు. తెలిసినా వేసింది, సున్నా చూసుకుని ఉడుక్కుంది.

బుద్ధున్నదైతే అక్కడితో ఫైలు మూసేసి ఫోను పని చూసుకునేది. రోహిణి ఆ ఒక్క పూటా బుద్ధిని సెలవు మీద పంపింది. కిందికీ పైకీ జరుపుతుంటే ఒక మాట కంటికి తగిలింది. తిన్నావేటి. ఇంకొంచెం జరిపితే మళ్లీ అదే. రోహిణి వెన్ను నిటారు చేసుకుని కూర్చుంది. tin+a+v అని రాసింది. ఒక అక్షరం పక్కన ఆ కూడిక గుర్తు పెడితే, ఆ అక్షరం ఒకటున్నా సరే వరసగా నాలుగున్నా సరే అని. ఎలా కొట్టినా ఆ మాట తప్పించుకోలేదు.

తెర నిండిపోయింది. కిందికి జరిపితే ఇంకో తెర నిండింది. ప్రతి మధ్యాహ్నం ఉంది, అడిగేది ఆయనే. తిన్నావేటి? తిన్నానండి, మీరు? ఇప్పుడే. ఏటి కూర? ఆనపకాయ. మా వదిన ఉప్పెక్కువేసింది. సరిపెట్టుకో మరి. తిన్నావేటి? ఇంకా నేదండి, లారీ వచ్చింది. ముందు తిను, లారీ ఎక్కడికెల్తాది?

ముందు తిను. ఆ రెండు మాటల దగ్గర రోహిణి ఆగిపోయింది. బంగారం అనో ప్రాణం అనో దొరికి ఉంటే ఆమె ఏం చేయాలో ఆమెకు తెలుసు. అరిచేది, అమ్మను పిలిచేది, క్రిస్టీ అన్నగారింటికి వెళ్లి నలుగురిలో నిలదీసేది. 'ముందు తిను' అన్నదాన్ని పట్టుకుని ఎవరింటికి వెళ్తాం? తన వైపు చూసుకుంది. తనకు ఆయన పంపేవి పాలు, గ్యాసు, పాప ఫీజు. ఆడదాన్ని పట్టుకుని రోజూ తిన్నావా అని అడిగే మగవాడు ఆమె ఎరికలో ఎవరూ లేరు. అడిగించుకునే ఆ అదృష్టం పార్వతీపురం నుంచి వచ్చిన ఒంటి జడ మనిషికి పట్టిందని కుళ్లి కుళ్లి ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఫోను పని పూర్తి చేసి పెట్టింది.

మర్నాడు హాసినిని దింపడానికి పుట్టింటికి వెళ్లింది. రోహిణి తల్లి జోగమ్మ రెండు వీధుల అవతలే ఉంటుంది, పగలంతా పాప ఆవిడ దగ్గరే. గుమ్మంలో చూడగానే జోగమ్మ, "ఏటే, మొగం అలగున్నాది? తిన్నావేటి?" అంది.

"సబ్ కో యహీ పూఛ్నా హై క్యా!" అని రోహిణి విరుచుకుపడింది. అందరికీ ఇదొక్కటే అడగాలా అని.

జోగమ్మ బిత్తరపోయింది. "అన్నం తిన్నావేటే అంటే కోపమేటి? నానేటన్నానిప్పుడు?"

రోహిణి కాస్త తగ్గి, చెప్పులు విప్పి కూర్చుంది. హిందీలోనే అడిగింది. ఎవరైనా మగవాడు, పరాయి ఆడమనిషిని రోజూ తిన్నావా అని అడిగితే దాని అర్థం ఏమిటి?

"తినిందో నేదో అని అడిగుంటాడు. ఇంకేటుంటాది?" జోగమ్మ కూతురి వైపు పరకాయించి చూసింది. "ఎవులే? ఎవులడుగుతన్నారు నిన్ను?"

"ముఝే కోయీ నహీ పూఛ్తా" అంది రోహిణి. నన్నెవరూ అడగరు. అనేశాక ఆ మాట తనకే గట్టిగా వినపడి లేచి వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఆమె కూరల్లో కారం పాళ్లు తప్పింది. దుర్గాప్రసాద్ నీళ్లు తాగుతూ తిన్నాడే తప్ప నోరెత్తలేదు. నోరెత్తకపోవడం కూడా ఆమెకు నేరంగానే కనిపించింది. చివరికి గురువారం పొద్దు గూకే వేళ, పాప అమ్మమ్మ ఇంట్లో ఉండగా, ఆయనకు కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆజ్ క్రిస్టీ నే క్యా ఖాయా?" అంది. ఈ రోజు క్రిస్టీ ఏం తింది?

"భిండీ" అన్నాడు దుర్గాప్రసాద్ ముద్ద కలుపుతూ. బెండకాయ. అనేశాక తలెత్తాడు.

"ఔర్ మైనే?"

మరి నేనేం తిన్నాను? దుర్గాప్రసాద్ కంచంలోకి చూశాడు, గిన్నెల కేసి చూశాడు. పొద్దున పెట్టుకెళ్లిన డబ్బాలో ఏముందో అది కూడా గుర్తు రాలేదు పాపం. ఆ తడబాటు చూస్తుంటే రోహిణికి గెలిచిన సంతోషం ఒక్క క్షణం కలిగింది. ఆ తర్వాత ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపులోనే ఫైలు సంగతి బయటపడింది.

దుర్గాప్రసాద్ చెయ్యి కడిగేసుకున్నాడు. కోపం వస్తే ఆయనకు హిందీ నిలవదు. "ఫోను నీ సేతికిచ్చింది బాగుసెయ్యమనా, తవ్వీమనా?"

"మైనే పఢా నహీ. బస్ ఢూంఢా హై."

"సదవనేదు, ఎతికేవు! ఎతికి ఏటి కనిపెట్టేవు? సెప్పు. ఏటి దొరికింది నీకు?"

రోహిణి చెప్పింది. తిన్నావేటి, తిన్నావేటి, తిన్నావేటి. రోజూ. ఒక్క రోజు మానలేదు.

"దానికేనా?" అన్నాడు దుర్గాప్రసాద్. కోపం దిగింది, కానీ దాని స్థానంలో వచ్చిన నిదానం రోహిణికి అంతకన్నా నచ్చలేదు. "ఆమెతో నాకేటీ నేదు రోహిణీ. నా బిడ్డ మీదొట్టు. ఆమెకి పాలకొండ బస్టాండు తెలుసు. నాగావళికి వరదొత్తే ఎక్కడిదాకా వత్తాదో తెలుసు. నాను ఒక మాటంటే ఆమె ఇంకో మాటంతాది. ఆ కాసేపూ ఇంటికెల్లినట్టుంటాది. అంతే."

"తో యే క్యా హై? యే ఘర్ నహీ హై?" మరి ఇది ఇల్లు కాదా?

ఆయన జవాబు చెప్పకుండా ఉంటే బాగుండేది. "ఇదీ ఇల్లే" అన్నాడు. "కానీ ఇక్కడ నాను మాటాడేది నా మాట కాదు గదా. నీతో హిందీ. పాపతో హిందీ. పొద్దున్నుంచీ అద్దెకి తెచ్చుకున్న చొక్కా తొడుక్కున్నట్టుంటాది నాకు."

"ముఝే తో కభీ నహీ పూఛా ఆప్‌నే" అంది రోహిణి. నన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు మీరు.

"అడిగేను. రోజూ అడిగీవోడిని. నీకు గుర్తు నేదు."

"కబ్?" ఎప్పుడు?

"ఎతుక్కో" అన్నాడు దుర్గాప్రసాద్. వెటకారం లేదు, అలిసిపోయి ఉన్నాడు. "ఎతకడం నీకొచ్చు గదా." చెప్పులేసుకుని పాపను తీసుకురావడానికి వెళ్లాడు.

రోహిణి నమ్మలేదు. అబద్ధమని రుజువు చేయాలనే మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ, పక్క సీట్ల వాళ్లు కిందికి దిగాక, తమ ఇద్దరి సంభాషణ తెరిచింది. పెళ్లయిన కొత్త నుంచీ ఉన్న మెసేజులు ఆమె ఏవీ చెరపలేదు, ఫోను మారినప్పుడల్లా వెంట తెచ్చుకుంది. అదే వరుస మళ్లీ రాసింది.

తెర నిండిపోయింది.

తిన్నావేటి? దాని కింద ఆమె జవాబు: హాఁ. తిన్నావేటి? ఖా లియా. తిన్నావేటి, ఏటి కూర? సబ్జీ. తిన్నావేటి, ఎండగా ఉన్నాది, గొడుగెట్టుకెల్లు. ఓకే. కొన్నిచోట్ల బొటనవేలు బొమ్మ మాత్రమే ఉంది. రోజు తర్వాత రోజు ఆయన తలుపు తట్టినట్టు అడుగుతూనే ఉన్నాడు, ఆమె తలుపు తీయకుండా లోపల్నుంచే ఊఁ అంటోంది. ఇవన్నీ ఆమె రాసినవే. ఒక్కటీ గుర్తు లేదు.

పట్టుమని ఏడాది తిరక్కుండానే వరస తెగిపోయింది. అక్కడి నుంచి ఆ మాట ఇంక ఎక్కడా లేదు. ఫిర్యాదుల్లో ఏదైనా వరస ఇలా ఉన్నట్టుండి ఆగిపోతే, ఆగిన చోటికి వెళ్లి చూడమని ఆఫీసులో కొత్తవాళ్లకు చెప్పేది ఆమే. వెళ్లి చూసింది.

అక్కడ ఆయన పంపిన మెసేజు ఒకటి పొడుగ్గా ఉంది. ఇంగ్లీషు అక్షరాల తెలుగు. కంటితో చదివితే పట్టుబడదు, పెదాలు కదుపుతూ ఒక్కొక్క మాటే కూడబలుక్కోవాలి. ఖాళీ ఆఫీసులో రోహిణి అలాగే చదివింది.

'ఈ రోజు డ్యూటీ దిగి ఖర్కాయి ఒడ్డుకెల్లేను. నీళ్లు సూత్తే మా నాగావళి గుర్తొచ్చింది. మా అమ్మ గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది, ఎవులికీ సెప్పకు. ఈ ఊర్లో నాకెవులూ నేరనుకునీవోడిని. ఇప్పుడు నువ్వున్నావు. నాకింక నువ్వే ఊరు. రేపు నిన్ను కూడా తీసుకెల్తాను, ఇద్దరం ఆ ఒడ్డున కూకుందాం.'

దాని కింద ఆమె జవాబు. 'ఇత్నా లంబా? హిందీ మే లిఖియే నా. పఢ్‌కే సర్ దుఖ్తా హై.' ఇంత పొడుగేమిటి, హిందీలో రాయండి, చదివితే తలనొప్పి వస్తోందని. చివర రెండు నవ్వే మొహాలు.

దాని కింద ఆయన: 'కుఛ్ నహీ. దూద్ లానా హై క్యా?'

ఏమీ లేదు. పాలు తేవాలా?

రోహిణి ఆ చివరి మాటను చాలాసేపు చూసింది. పాలు తెమ్మందో వద్దందో, దాని కింద ఏం రాసిందో చూడటానికి చెయ్యి రాలేదు. ఒడ్డుకు మాత్రం వాళ్లిద్దరూ ఎప్పుడూ వెళ్లలేదు, అది బాగా తెలుసు.

అప్పుడు పట్టుకుంది అసలైన అసూయ. ఇన్నాళ్లూ క్రిస్టీ మీద పడిందంతా దీని ముందు పిల్ల చేష్ట. ఆ మెసేజు అందుకున్న రోహిణి ఒకతి ఉంది, పాతికేళ్లు కూడా నిండనిది, కొత్త గాజులు వేసుకుని ఫోను చూసి నవ్వే మొహాలు పంపినది. నువ్వే ఊరు అని ఒక మనిషి ఆమెకు చెప్పాడు. ఆమె చదవను కూడా చదవలేదు. ఆ రోహిణిని జుట్టు పట్టుకుని ఈ కుర్చీలో కూలేసి, చదవవే, పెదాలు కదిపి చదవవే అని వీపు మీద రెండు వేయాలనిపించింది. ఆమెకు దొరికిందంతా తనకు కావాలనిపించింది. క్రిస్టీతో అయితే కొట్లాడవచ్చు. దీనితో ఎలా కొట్లాడటం?

ఇంటికి వెళ్లాక ఆయనతో ఏమీ అనలేదు. దొరికిందా అని ఆయనా అడగలేదు. ఆయన పాపకు బూట్ల లేసులు ముడి వేయడం నేర్పుతూ హిందీలో లెక్కపెడుతుంటే, వంటింట్లోంచి వింటూ ఒక వాక్యం మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టింది. తెలుగు వాక్యం. తల్లి మాట్లాడే తెలుగు పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉంది గానీ నోటిదాకా ఎప్పుడూ రాలేదు. మంచం మీద వాలాక కూడా పెదాలు కదుపుతూనే ఉంది. తప్పు పోతే నవ్వుతాడేమోనని భయమేసింది. నవ్వితే నవ్వనీ, అదైనా తనను చూసి నవ్విన నవ్వవుతుంది అనుకుంది.

తెల్లారింది. దుర్గాప్రసాద్ హెల్మెట్ పెట్టుకుని, తాళాల కోసం జేబులు తడుముకుంటూ గుమ్మం దాటాడు. రోహిణి డబ్బా చేతికిచ్చి, గొంతు సవరించుకుంది.

"ఏటండీ" అంది. "సాయంత్రం... తొందరగా వత్తారా? ఇద్దరం ఖర్కాయి ఒడ్డుకి ఎల్దాం."

తాళం దొరికింది. దుర్గాప్రసాద్ బండి స్టాండు తీస్తూ, వెనక్కి తిరగకుండానే, "దేఖ్తే హై. ఆజ్ ఓవర్‌టైమ్ హై షాయద్" అన్నాడు.

చూద్దాం, ఈ రోజు ఓవర్‌టైమ్ ఉండొచ్చు. అంతే. ఆమె ఏ భాషలో అడిగిందో ఆయన చెవికి ఎక్కనే లేదు. ఆమె నోటి నుంచి వచ్చేది హిందీయే అని ఆయన చెవి ఎన్నేళ్ల కిందటో ఖాయం చేసేసుకుంది.

రోహిణి రెండు మెట్లు దిగి, ఈసారి కొంచెం గట్టిగా, మళ్లీ తెలుగులోనే అడిగింది. "వత్తారేటండీ?"

"బోలా నా, దేఖ్తే హై" అన్నాడు ఆయన, చెప్పానుగా చూద్దామని, కిక్కు కొడుతూ.